నీహారికకు లోతు కట్టేవారు వినకూడని సలహాలు

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో ఖగోళశాస్త్రం పుస్తకం ఏది తీసినా ఓ నీహారిక ఫోటో కనిపిస్తుంది. కాగితం మీద అది చదునుగా ఉంటుంది. ఆ బొమ్మను అన్ని వైపులకూ తిప్పి చూడగలిగే త్రీడీ మోడల్‌గా మార్చాలని ఇప్పుడు చాలామంది విద్యార్థులు సరదా పడుతున్నారు. హబుల్ టెలిస్కోప్ ఫోటోలు ఉచితం, బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. నౌబత్ పహాడ్ మీద 1985 నుంచి నడుస్తున్న బిర్లా ప్లానెటేరియం నాంపల్లికి కూతవేటు దూరంలోనే ఉంది. అక్కడ ఆకాశం చూసి వచ్చిన పిల్లలు కాలేజీ ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి సొంతంగా ఏదైనా కట్టాలనుకోవడం ఎంతో మంచి విషయం.

అయితే ఈ పని మొదలుపెట్టగానే సలహాలు చుట్టుముడతాయి. వీడియోలు చెబుతాయి, స్నేహితులు చెబుతారు, కంప్యూటర్ షాపులో కూర్చున్నవాళ్లూ చెబుతారు. పని సులువు చేస్తామని వచ్చే ఆ సలహాల్లో చాలావరకు పనిని పాడుచేసేవే. అందుకే వాటిని ఒక్కొక్కటిగా ముందు పెట్టి, ఎక్కడ తప్పుతాయో, వాటి బదులు ఏం చేయాలో చెబుతున్నాను. మొదట ఒక్క మాట గుర్తుంచుకోండి. ఫోటోలో పొడవు, వెడల్పు ఉంటాయి. లోతు ఉండదు. దాన్ని వేరే కొలతల నుంచి తేవాలి. కొలవలేనిచోట ఊహించవచ్చు గానీ, అది ఊహ అని చెప్పి తీరాలి.

సలహా 1: “వెలుగున్న చోటు ముందుకు లాగు, చీకటి చోటు వెనక్కి నెట్టు”

అందరూ మొదట చెప్పేది ఇదే. ఫోటోను నలుపు తెలుపు చేసి, తెల్లదనాన్ని బట్టి ఎత్తు పెట్టమంటారు. గోడ మీద చెక్కిన శిల్పానికైతే కొంత పనికొస్తుందేమో. నీహారిక గోడ కాదు. వెలిగే గ్యాసు దాదాపు పారదర్శకం. ఫోటోలో ఒక చుక్క మీద పడిన వెలుగు, ఆ దిశలో ముందు నుంచి వెనక దాకా ఉన్న గ్యాసంతా కలిసి ఇచ్చిన మొత్తం. పైగా గ్యాసు సాంద్రత రెట్టింపైతే వెలుగు నాలుగింతలవుతుంది. కాబట్టి ఒకచోట వెలుగు ఎక్కువుంటే అక్కడ గ్యాసు చిక్కగా ఉండవచ్చు, లేదా లోతుగా పరుచుకుని ఉండవచ్చు. రెండింటిలో ఏదన్నది ఫోటో చెప్పదు.

లైరా రాశిలోని రింగ్ నీహారిక, అంటే ఎం 57, ఇందుకు మంచి ఉదాహరణ. ఫోటోలో అది నడుమ ఖాళీ ఉన్న ఉంగరంలా కనిపిస్తుంది. ఈ సలహా పాటిస్తే నడుమ గుంట వస్తుంది. రాబర్ట్ ఓడెల్ బృందం హబుల్ ఫోటోలనూ, భూమి మీది టెలిస్కోపులు తీసిన, వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రమ్‌లనూ కలిపి 2013లో చెప్పింది వేరు. ఆ నడుమ ఖాళీ లేదు. సాంద్రత తక్కువున్న గ్యాసు మన వైపు ఒక కొస, అవతలి వైపు మరో కొస సాగి ఉంది. మనం దాన్ని దాదాపు దాని అక్షం వెంబడి చూస్తున్నాం, అంతే.

చీకటి విషయంలో ఈ సలహా పూర్తిగా తలకిందులవుతుంది. ఒరయన్‌లోని గుర్రపుతల నీహారిక నల్లగా కనిపించేది అది వెనక ఉన్నందుకు కాదు, వెలిగే హైడ్రోజన్‌కు ముందు నిలబడిన ధూళి కావడం వల్ల.

వెలుగు ఎప్పుడూ పనికిరాదని కాదు. 1995లో వెన్, ఓడెల్ ఇద్దరూ ఒరయన్ నీహారిక వెలుగు నుంచే దాని ఉపరితలం ఎగుడుదిగుళ్లను లెక్కగట్టారు. కానీ అక్కడ గ్యాసును ఏ నక్షత్రం వెలిగిస్తోందో తెలుసు, ఆ వెలుగుకు దూరంతో ఉన్న సంబంధం తెలుసు. వెలుగుకూ లోతుకూ మధ్య భౌతికశాస్త్రపు లెక్క ఉంటేనే వెలుగును వాడండి.

సలహా 2: “ఏఐకి ఇస్తే లోతు అదే చెబుతుంది”

ఒక్క ఫోటో నుంచి లోతు తీసే ఏఐ పరికరాలు గదులు, వీధులు, మనుషుల ఫోటోల మీద నేర్చుకున్నవి. అబిడ్స్ జీపీఓ ముందు తీసిన ఫోటో ఇస్తే అవి బాగా పనిచేస్తాయి. ఆటో బస్సును కొంత కప్పేసింది కాబట్టి ఆటో ముందుంది. నేల ఫోటోలో కిందికి వచ్చేకొద్దీ మనకు దగ్గరవుతుంది. ఇలాంటి గుర్తులే వాటికి ఆధారం. నీహారికలో నేల లేదు, పైకీ కిందికీ తేడా లేదు, మనకు ముందే తెలిసిన పరిమాణంలో వస్తువేదీ లేదు, గ్యాసు వెనకున్నదాన్ని కప్పదు. అయినా ఆ పరికరం ఏదో ఒక లోతు ఇస్తుంది, అది నమ్మబుద్ధేసేలా కూడా ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది.

ఒక పరీక్ష చేయండి. అదే ఫోటోను తలకిందులు చేసి మళ్లీ ఇవ్వండి. ఒకే భాగానికి రెండుసార్లూ వేర్వేరు లోతు వస్తే, అది నీహారికను చదవడం లేదని తేలిపోయినట్టే. రెండుసార్లూ ఒకే లోతు వచ్చినా అది కొలత కాదు. ఈ పరికరం ఇచ్చినదాన్ని లోతుగా వాడకండి.

సలహా 3: “నీలం దగ్గర, ఎరుపు దూరం పెట్టు”

దూరపు కొండలు నీలంగా కనిపిస్తాయని తెలిసినవాళ్లు దీన్ని తిప్పి కూడా చెబుతారు. రెండూ తప్పే. మీరు చూస్తున్న ఫోటోలోని రంగు చాలాసార్లు ప్రాసెసింగ్‌లో కేటాయించినది. జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ 1995లో హబుల్‌తో తీసిన ‘సృష్టి స్తంభాలు’ ఫోటోలో సల్ఫర్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. నిజానికి హైడ్రోజన్ ఆ వెలుగును 656.3 నానోమీటర్ల దగ్గర, ఎరుపులో ఇస్తుంది. అంటే ఆ రంగు ఏ మూలకం వెలుగుతోందో చెబుతుంది, ఎంత దూరంలో వెలుగుతోందో చెప్పదు.

రంగుకు అసలు ఉపయోగం వేరే ఉంది. నక్షత్రపు అతినీలలోహిత కిరణాలు బలంగా తగిలేచోట ఆక్సిజన్, అవి బలహీనపడే అంచున సల్ఫర్ ఎక్కువ వెలుగుతాయి. అందువల్ల వెలిగించే నక్షత్రానికి ఏ భాగం ఎదురుగా ఉందో ఊహించడానికి రంగు సాయపడుతుంది. ఆ స్తంభాల అసలు అమరిక మాత్రం 2015లో చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుకు అమర్చిన మ్యూజ్ పరికరంతో తెలిసింది. ఎడమ స్తంభం పైకొస మన వైపు తిరిగి ఉంది, అది ఎన్‌జీసీ 6611 నక్షత్ర గుంపుకు వెనక ఉంది. మిగతా స్తంభాల కొసలు మనకు అవతలి వైపు తిరిగి ఉన్నాయి. ఒకే ఫోటోలో పక్కపక్కన నిలబడినట్టున్నవి ఒకే లోతులో లేవు.

సలహా 4: “చుట్టూ ఫోటోలు తీసి స్కాన్ యాప్‌లో వేసినట్టే చెయ్యి”

అబిడ్స్‌లోని నెహ్రూ విగ్రహం చుట్టూ నడుస్తూ ఫోన్‌తో ఫోటోలు తీసి యాప్‌లో వేస్తే విగ్రహం మోడల్ తయారవుతుంది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతోంది కాబట్టి, ఆరు నెలల తేడాతో రెండు ఫోటోలు తీస్తే నీహారికకూ అదే జరుగుతుందని కొందరి వాదన. వినడానికి సబబుగా ఉంది. లెక్క వేసి చూడండి.

ఆరు నెలల్లో మనం జరిగేది దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు. దగ్గరి నీహారికల్లో ఒకటైన హీలిక్స్ దాదాపు 650 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య 2 కాంతి సంవత్సరాలు ఉన్నాయనుకుందాం. ఆరు నెలల తర్వాత ఆ రెండు భాగాలూ ఒకదానితో పోలిస్తే మరొకటి జరిగేది 0.03 మిల్లీ ఆర్క్‌సెకండ్. ఆకాశంలో ఒక డిగ్రీని 3,600 భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వెయ్యి చేస్తే వచ్చేది మిల్లీ ఆర్క్‌సెకండ్. హబుల్ విడదీసి చూపగలిగే అతి చిన్న వివరం దాదాపు 50 మిల్లీ ఆర్క్‌సెకండ్లు, అంటే ఆ కదలికకు వెయ్యి రెట్లకు పైన. మసక గ్యాసులో ఆ కదలికను పట్టడం అసాధ్యం. రెండు ఫోటోలూ సాఫ్ట్‌వేర్‌కు ఒక్కటిగానే కనిపిస్తాయి. తేడా కనిపించిందంటే అది వాతావరణం వల్లో, ప్రాసెసింగ్ వల్లో వచ్చినదే.

సలహా 5: “ఫోటోలోని నక్షత్రాలను తీసేసి, చివర్లో నచ్చినట్టు చల్లుకో”

భూమి కదలడం వల్ల కనిపించే జరుగుడును పారలాక్స్ అంటారు. గ్యాసుకు కొలవలేని పారలాక్స్‌ను నక్షత్రాలకు కొలవవచ్చు. మీ మోడల్‌కు నిజమైన మేకులు అవే. వాటిని చేజేతులా తీసి పారేయమనే సలహా ఇది.

2013లో బయలుదేరిన గయా ఉపగ్రహం కొలతల మూడో విడుదల 2022 జూన్‌లో వచ్చింది. దాదాపు 150 కోట్ల నక్షత్రాల పారలాక్స్‌లు అందులో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. లెక్క కూడా సులువే. వెయ్యిని మిల్లీ ఆర్క్‌సెకండ్లలో ఉన్న పారలాక్స్‌తో భాగిస్తే దూరం పార్సెక్‌లలో వస్తుంది. హీలిక్స్ నడిమి నక్షత్రానికి పారలాక్స్ దాదాపు 5. అంటే 200 పార్సెక్‌లు. 3.26తో గుణిస్తే దాదాపు 650 కాంతి సంవత్సరాలు. ఫోటోలో కనిపించే ప్రతి ముఖ్యమైన నక్షత్రానికీ ఇలా చేయండి. నీహారికలో ఉన్నట్టు కనిపించే చాలా నక్షత్రాలు మనకూ దానికీ మధ్యలోనో, దానికి ఎంతో వెనకో ఉన్నాయని తేలుతుంది. పారలాక్స్‌లో పొరపాటు హద్దు పెద్దగా ఉన్న నక్షత్రాన్ని మాత్రం ఆధారంగా తీసుకోకండి.

ఈ పనిలో మన ఊరికీ వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ చొరవతో మొదలై తర్వాత బేగంపేటలో స్థిరపడిన నిజామియా అబ్జర్వేటరీ, 1887లో పారిస్‌లో తలపెట్టిన ఆకాశపటం పథకంలో చేరింది. ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో, గాజు పలకల మీద, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీలోని నక్షత్రాల స్థానాలు కొలిచారు. హీలిక్స్ ఉన్నది సరిగ్గా ఆ పట్టీలోనే, దక్షిణాన 20.8 డిగ్రీల దగ్గర. పథకంలోని అబ్జర్వేటరీలన్నీ కొలిచిన ఆ పాత స్థానాలను కొత్త కొలతలతో పోల్చడం ద్వారానే 2000లో వచ్చిన టైకో-2 జాబితా 25 లక్షల నక్షత్రాల కదలికలు చెప్పగలిగింది. అబిడ్స్ పక్కనే ఉన్న నిజాం కాలేజీలో చదివి ప్రపంచం గుర్తించిన ఖగోళ శాస్త్రవేత్త అయిన వేణు బప్పు తండ్రి పనిచేసింది కూడా ఆ అబ్జర్వేటరీలోనే. ఒక్కో నక్షత్రాన్నీ చేత్తో కొలిచిన ఊరిలో ఉండి నక్షత్రాలను నచ్చినట్టు చల్లడం తగదు.

సలహా 6: “స్పెక్ట్రమ్ కష్టం, వదిలెయ్”

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇది. గ్యాసుకు లోతు తెచ్చే ముఖ్యమైన దారి స్పెక్ట్రమే.

మన వైపు వచ్చే గ్యాసు వెలుగు కొంచెం నీలం వైపు, దూరంగా పోయే గ్యాసు వెలుగు కొంచెం ఎరుపు వైపు జరుగుతుంది. ఇదే డాప్లర్ మార్పు. ఆక్సిజన్ ఇచ్చే 500.7 నానోమీటర్ల గీత, సెకనుకు 20 కిలోమీటర్ల వేగానికి 0.033 నానోమీటర్లు జరుగుతుంది. ఇంత చిన్న మార్పును కొలవగలిగితే లోతు ఎలా వస్తుంది? ఒక నక్షత్రం ఒక్కసారిగా గ్యాసును విసిరేసిందనుకోండి. వేగంగా విసిరింది దూరం పోయి ఉంటుంది, మెల్లగా విసిరింది దగ్గరే ఉంటుంది. దూరం అంటే వేగాన్ని గడిచిన కాలంతో గుణించినదే. అందువల్ల మన వైపు వేగం తెలిస్తే మన వైపు దూరం తెలిసినట్టే.

పీత నీహారికతో చూడండి. దానికి కారణమైన పేలుడును చైనా పరిశీలకులు 1054లో నమోదు చేశారు. ఇప్పటికి దాదాపు 970 ఏళ్లు. గ్యాసు దాదాపు సెకనుకు 1,500 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తోంది. గుణిస్తే దాదాపు 46 లక్షల కోట్ల కిలోమీటర్లు, అంటే దాదాపు 5 కాంతి సంవత్సరాలు. ఫోటోలో కనిపించే వెడల్పులో సగానికి ఇది చక్కగా సరిపోతుంది. హవాయిలోని సీఎఫ్‌హెచ్‌టీ టెలిస్కోపు సిటెల్ పరికరంతో నీహారిక అంతటా ఇలాంటి వేగాలు కొలిచి, 2021లో దాని త్రీడీ పటం ప్రచురించారు. గ్యాసు హృదయాకారంలో పరుచుకుని ఉందని అందులో తేలింది. ఏ ఫోటో చూసినా ఈ సంగతి తెలిసేది కాదు.

దీనికీ హద్దు ఉంది. పీత నీహారిక నడుమ ఉన్న పల్సార్ గ్యాసును కొంత ఉరకలెత్తించింది, కాబట్టి లెక్క కచ్చితం కాదు. ఒరయన్ లాంటి నక్షత్రాలు పుట్టే చోట గ్యాసు ఒకే పేలుడు నుంచి రాలేదు, అక్కడ వేగాన్ని లోతుగా మార్చకూడదు. ముసలి నక్షత్రాలు విడిచిన గ్రహ నీహారికలకు, పేలిన నక్షత్రాలు మిగిల్చిన సూపర్‌నోవా శేషాలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

స్పెక్ట్రమ్ మీరే తీయాలని లేదు. మెక్సికోలోని శాన్ పెద్రో మార్తిర్ అబ్జర్వేటరీ వందలాది గ్రహ నీహారికల వేగాల స్పెక్ట్రమ్‌లను అందరికీ అందుబాటులో పెట్టింది. మెక్సికోలోనే వూల్ఫ్‌గాంగ్ స్టెఫెన్ రూపొందించిన షేప్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనికోసమే పుట్టింది. మీరు ఊహించిన ఆకారం నుంచి ఎలాంటి ఫోటో, ఎలాంటి స్పెక్ట్రమ్ రావాలో అది లెక్కగట్టి చూపిస్తుంది. రెండూ అసలు వాటితో కలిసేదాకా ఆకారాన్ని దిద్దుతూ పోవాలి.

సలహా 7: “ముందు ఎలా ఉందో వెనకా అలాగే ఉందనుకో”

సగం పని తగ్గుతుందని ఈ మాట చెబుతారు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక చెక్క శిల్పం ఉంది. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలీస్ అనే పురుషుడు, వెనక నుంచి చూస్తే తలవంచిన మార్గరెట్టా. ఒకే దుంగలో రెండు వైపులా రెండు రూపాలు. వెనక అద్దం పెట్టబట్టి అది మనకు తెలుస్తోంది. నీహారిక వెనక అద్దం పెట్టే వీలు లేదు, కాబట్టి వెనక వైపు గురించి మరింత జాగ్రత్త కావాలి.

సౌష్ఠవాన్ని అసలు వాడకూడదని కాదు. 2004లో మార్కస్ మాగ్నర్ బృందం గ్రహ నీహారికలు ఒక అక్షం చుట్టూ సమంగా ఉంటాయనుకునే, ఒక్కో ఫోటో నుంచి మోడళ్లు కట్టింది. మొదటి అడుగుగా అది మంచిదే, అక్కడే ఆగిపోతే తప్పు. హీలిక్స్‌లో దాదాపు ఒకదానికొకటి లంబంగా రెండు గ్యాసు పళ్లేలున్నాయని 2004లో ఓడెల్ బృందం చెప్పింది. ఒకే అక్షం చుట్టూ తిప్పితే అందులో ఒకటి మాయమవుతుంది. ఈటా కారీనే నక్షత్రం చుట్టూ ఉన్న హోమంక్యులస్ నీహారికనే తీసుకోండి. 1840ల పెద్ద పేలుడులో వెలువడిన ఆ రెండు తమ్మెలు నున్నగా, సమంగా కనిపిస్తాయి. 2014లో స్టెఫెన్ బృందం వీఎల్‌టీతో ధూళిని దాటి వచ్చే పరారుణ కాంతిలో అవతలి వైపు గ్యాసును కూడా కొలిచింది. అప్పుడు తమ్మెల మీద గాడులు, బుడిపెలు బయటపడ్డాయి. ఆ నక్షత్రానికి ఉన్న జంట నక్షత్రం ప్రభావం వాటిలో కనిపిస్తోందని వాళ్లు భావించారు. అంటే, నున్నగా చెరిపేసి ఉంటే పోయేది అసలు కథే.

సలహా 8: “అందంగా ఉంటే చాలు, ప్రింట్ తీసి పెట్టెయ్”

త్రీడీ ప్రింట్ తీయడం నిజంగా మంచి ఆలోచన. చూపులేని పిల్లలు కూడా చేత్తో తాకి నీహారికను తెలుసుకోవచ్చు. 2009లో తొలి త్రీడీ మోడల్ వచ్చిన కాసియోపియా ఎ సూపర్‌నోవా శేషాన్నీ, 2014 నాటి హోమంక్యులస్ మోడల్‌నూ ఇలాగే ప్రింట్ తీశారు. కానీ ప్రింటర్‌కు గట్టి ఉపరితలం కావాలి, గ్యాసుకు అది లేదు. ఎంత సాంద్రత దగ్గర హద్దు గీయాలో మీరే తేల్చాలి. హద్దు కొంచెం మార్చినా ఆకారం మారిపోతుంది. అందుకే ఆ హద్దు విలువను బోర్డు మీద రాయండి.

అందం కోసం ఖాళీలు పూరించడం కూడా తప్పు కాదు. ఫిన్లాండ్‌కు చెందిన జె-పి మెత్సావైనియో తన సొంత నీహారిక ఫోటోలను త్రీడీగా మారుస్తాడు, కొలతలు లేనిచోట కళాత్మక ఊహను వాడతానని చెప్పే చేస్తాడు. తప్పంతా ఆ మాట చెప్పకపోవడంలోనే ఉంది. ఎగ్జిబిషన్‌కు వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల మీ మోడల్‌ను చూసి, నీహారిక నిజంగా ఇలాగే ఉంటుందని నమ్మి వెళుతుంది. ఆ నమ్మకాన్ని మనం గౌరవించాలి.

పని మొదలుపెట్టేవారు ఈ వరుస పాటించండి. ముందు ఒకే పేలుడు నుంచో, ఒకే నక్షత్రం నుంచో పుట్టిన నీహారికను ఎంచుకోండి. ఎం 57 గానీ, హీలిక్స్ గానీ. గయా నుంచి నడిమి నక్షత్రపు దూరం తీసుకోండి. దాంతో ఫోటోలోని వెడల్పును కాంతి సంవత్సరాల్లోకి మార్చండి. స్పెక్ట్రమ్ నుంచి మన వైపు వేగాలు తీసుకుని లోతుగా మార్చండి. ఆ తర్వాతే బ్లెండర్ తెరవండి. మోడల్ పూర్తయ్యాక దాన్ని భూమి వైపు నుంచి చూసి, మొదటి ఫోటోతో కలిసిందో లేదో సరిచూడండి. కలిసినంత మాత్రాన మోడల్ నిజమని తేలదు. అదే ఫోటో ఇచ్చే ఆకారాలు ఇంకా ఎన్నో ఉంటాయి. కలవకపోతే మాత్రం అది తప్పే.

చివరిగా, మోడల్ కింద మూడు వరుసలు రాయండి: కొలిచింది ఏది, లెక్కగట్టింది ఏది, ఊహించింది ఏది. ఈ మూడూ రాయగలిగితే మీ పని ఏ ప్రదర్శనలోనైనా తలెత్తుకుని నిలబడుతుంది. రాయలేకపోతే దాన్ని ఇంకా ప్రదర్శనకు పెట్టకండి. మళ్లీ కొలతల దగ్గరకు వెళ్లండి.